సెలవు దొరికిన నాలుగు రోజులు

రాడెక్ నాన్నా,

నీకూ, కోడలు కింగాకూ, పాప మాల్వినాకూ అమ్మ దీవెనలు. నా ఒళ్ళు బాగానే ఉంది, మోకాలి నొప్పి కూడా తగ్గింది. అక్కడ మీరంతా కులాసా అని నీ ఉత్తరంలో చూసి నా మనసు కుదుటపడింది. ఫోను చేయకుండా ఉత్తరం రాసిందేమిటని కంగారు పడకు. కొన్ని మాటలు నీ గొంతు వింటూ చెప్పలేను.

ముందు కింగా అడిగినదానికి జవాబు. పళ్ళు వచ్చేటప్పుడు పిల్లలు అలాగే చొంగ కారుస్తారు, ఏడుస్తారు. నువ్వయితే మీ నాన్న చెప్పు కొరికేవాడివి. నేను తర్వాత పంపిన జ్ఞానస్నానం గౌను పార్సిల్ విప్పితే చేపల వాసన కొట్టిందేమని కూడా అడిగింది కదా. దానికి జవాబు చెప్పాలంటే ఇంకో సంగతి చెప్పాలి.

పోయిన మంగళవారం ఇంగెర్ నన్ను ఇస్త్రీ బల్ల దగ్గరికి పిలిచింది. మా హోటల్లో బట్టలుతికే చోటంతా ఆవిడ చేతికిందే. ఆవిడ చేతిలో నువ్వు ఇంగ్లీషులో రాయించి పంపిన కాగితం ఉంది. మనవరాలి జ్ఞానస్నానానికి కూడా మా అమ్మను పంపలేదు, మీది గుండా రాయా అని అడిగావట.

"నేను నీకు సెలవివ్వలేదా, బోగుమిలా?" అంది.

నేను బల్ల మీది దుప్పటి మడతపెట్టసాగాను.

"నా ఈస్టరు సెలవు కూడా నీకే ఇచ్చేశానే! మా బోగుమిలా నానమ్మ అయిందని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. మరి ఎక్కడికి పోయావ్?"

"ఓస్లోకి."

"అక్కడెవరున్నారు నీకు?"

"ఎవరూ లేరు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నీ కొడుక్కి నువ్వే రాసుకో. నీ అబద్ధం నా నెత్తిన పెట్టావు, దించాల్సింది కూడా నువ్వే" అని కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ నాతో కలిసి కాఫీ తాగడం లేదు.

నాన్నా, జ్ఞానస్నానానికి ముందు గురువారం నేను మన దేశం వచ్చే ఓడ ఎక్కాలనే రేవుకి వెళ్ళాను. గౌను సంచిలోనే ఉంది. "రెండు రోజులు ముందే రా అమ్మా, నలభై మందికి పియెరోగీ కుడుములు నీ చేతివే కావాలి" అన్నావు. ప్రేమగానే అన్నావు. కానీ ఆ పిండి, ఆ పెనాలు, ఆ గిన్నెలు కళ్ళముందు కదిలితే వరసలోంచి పక్కకు తప్పుకున్నాను. పక్క రేవులో ఓస్లో ఓడ ఎక్కుతున్నారు. పదకొండేళ్ళుగా ఊళ్ళు చూడడానికి వచ్చినవాళ్ళ దుప్పట్లు ఉతికాను, ఒక్క ఊరూ చూడలేదు. టిక్కెట్టు కొన్నాక నీకు ఫోను చేసి, ఇంగెర్ సెలవు రద్దు చేసిందని చెప్పాను. నా గొంతు వణికితే ఏడుస్తున్నాననుకుని నువ్వే నన్ను ఓదార్చావు.

ఓస్లో రేవులో పడవలవాళ్ళు ఉడికించిన రొయ్యలు అమ్ముతారు. ఒక పొట్లం కొనుక్కుని, బల్ల మీద కూర్చుని, ఒక్కొక్కటే ఒలుచుకుని తిన్నాను. మిగిలినవి సంచిలో పెట్టాను. కింగాకి చెప్పు, గౌనుకు పట్టిన వాసన ఆ రొయ్యలదే. పార్కులో రాతి బొమ్మల మధ్య పొద్దుగుంకేదాకా తిరిగాను. ఎక్కడికని అడిగేవాళ్ళూ లేరు, తొందరపెట్టేవాళ్ళూ లేరు.

జ్ఞానస్నానం జరిగే ఆదివారం, తిరుగుదారిలో, గోటెబర్గ్ ఊళ్ళో ఉన్నాను. పదకొండింటికి మీరు చర్చిలో ఉంటారు, ముందు వరసలో నా చోటు ఖాళీగా ఉంటుంది, పాపకు ఎవరిదో అరువు గౌను తొడిగి ఉంటారు. అలా అనుకుంటూనే నేను ట్రాములో కిటికీ పక్కన కూర్చున్నాను. అక్కడి చర్చి గంటలు మోగాయి. అప్పటికైనా దిగి, నీకు ఫోను చేసి నిజం చెప్పొచ్చు. దిగలేదు. చివరి స్టాపుదాకా వెళ్ళి అదే ట్రాములో తిరిగొచ్చాను. మిమ్మల్ని తలుచుకుని బాధపడ్డానని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఆ పూట హాయిగా ఉన్నాను. ఆ హాయే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

నిన్న ఇంగెర్‌ని క్షమించమని అడిగాను. "ఉత్తరం పోస్టు చేశాక మాట్లాడదాం" అంది. నువ్వు కూడా ఆవిడకు రెండు ముక్కలు రాయి నాన్నా, ఆవిడ తప్పేం లేదు. నన్ను ఎంత తిట్టినా పడతాను.

జూన్ రెండో శనివారం వస్తున్నాను. రేవుకి రావాలనిపిస్తే రా. లేకపోతే బస్సెక్కి వస్తాను, గుమ్మంలో నిలబడతాను, తలుపు తీయడం మీ ఇష్టం. పాపను ఎత్తుకోనిస్తే చాలు.

ఒకటి మాత్రం దాచను. నాకింకా హెల్సింకీ చూడాలని ఉంది. ఈసారి మీకు చెప్పే వెళ్తాను. వద్దంటే పోట్లాడతాను గానీ, నింద ఇంకొకరి మీదకి నెట్టను.

ఇట్లు,
ముఖం చూపించే ముందు నిజం పంపుతున్న
మీ అమ్మ,
బోగుమిలా