అటక మీది ఉత్తరాలు

జహీరాబాద్

అనసూయా, మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నా దగ్గు తగ్గింది, కంగారుపడకు. ఫోనులో చెప్పలేకే ఈ కార్డు. పావురాలు దూరుతున్నాయని పోయినేడు అటక కిటికీని సిమెంటుతో మూయించాను. ఈ వానలకు లోపలంతా బూజు పట్టింది. మీ ఆయన "నూనె రంగు కొట్టించండి బావగారూ, పీడ పోతుంది" అన్నాడు. కొట్టించాను. రంగు కింద బూజు ఇంకా బలిసింది. ఇన్ని పుస్తకాలు చదివీ ఆయన మాట విన్నాను, నాకు తగిన శాస్తే.

నిన్న పెట్టె దింపితే, మీ వదిన నాకు రాసిన ఉత్తరాలన్నీ నల్లటి ముద్దయి ఉన్నాయి. ఒక్క అక్షరం మిగల్లేదు. పక్కింటి నర్సమ్మ ముక్కు మూసుకుని, "అమ్మగారు ఉన్నన్ని దినాలు ఎండ పొడవంగనే ఆ కిటికీ తెరుస్తుండె సారూ. గాలి బంద్ చేసింది మీరే గద!" అంది. ఆ ఉత్తరాలను బీరువాలో పెట్టమని మీ వదిన ఎన్నిసార్లో అడిగింది. అది నా పుస్తకాలకే చాలడం లేదన్నాను. పుస్తకాలు క్షేమంగా ఉన్నాయి.

మీ అటకకు గాలి ఆడుతోందా? మన అమ్మ పట్టుచీరలు ఒకసారి ఎండలో వేయించు. వదిన నీకు రాసింది ఏదైనా ఉంటే పంపు. జిరాక్సు వద్దు. పంపితే మీ ఆయన్ని ఇక ఏమీ అనను. పిల్లలకు నా ఆశీస్సులు.

ఉత్తరమే కానక్కర్లేదమ్మా. పప్పూ ఉప్పూ రాసిన చీటీ అయినా చాలు.

మీ అన్నయ్య
వీరభద్రరావు