వార్త నెత్తిన పెట్టిన తప్పు

నాన్నా,

నేను కులాసా. ఉద్యోగం ఊడలేదు, అన్నయ్య చెప్పింది సగమే నిజం. తర్వాత మార్చేయొచ్చు కదా అని ఫోన్లో రాసింది నువ్వు నమ్మవు, అందుకే ఈ కార్డు.

మూసింది పాత వంతెనైతే, మా వార్తల వెబ్‌సైట్లో కొత్త వంతెన అని పెట్టింది నేనే. చుట్టూ తిరిగెళ్లి డ్యూటీకి గంట ఆలస్యమైందని ఒక నర్సు ఫోన్ చేసి నిలదీసింది. మా ఎడిటరేమో "గప్‌చుప్‌గా మార్చెయ్, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు. నేను వార్త నెత్తినే "పొద్దున తొమ్మిదింటికి మేం తప్పు రాశాం" అని పెట్టాను. ఎంతమంది చదువుతున్నారో చూపించే తెర ఒకటి గోడ మీద ఉంటుంది. అందులో అంకె పడిపోయింది, ఆయన మొహమూ పడిపోయింది. రెండేళ్లు కష్టపడి సంపాదించుకున్న మొదటి పేజీ లాగేసుకుని వాతావరణ వార్తలు నా చేతిలో పెట్టాడు. "వాన గురించి తప్పు రాసినా పైనే పెడతానండీ" అన్నాను.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దినన్నాళ్లూ, తప్పు ఏ పేజీలో పడితే సవరణ ఆ పేజీలోనే వేయించేవాడివి. నీ కూతురికి ఇంకోలా ఎలా చేతనవుతుంది?

అమ్మకి కళ్లజోడు మార్పించావా? వంటింట్లో కుళాయి ఇంకా కారుతోందా? నీ ఎర్ర పెన్సిలు ఒకటి పంపు. ఇక్కడ దిద్దడానికి కాగితాలు లేవు, అయినా నా బల్ల మీద ఉండాలి. అక్కడ నాకు ఉద్యోగం వెతకడం మానమని అన్నయ్యకి చెప్పు.

అమ్మకీ నీకూ నమస్కారాలు. మొదటి వరుసలో కొట్టేసిన మాట "వచ్చేస్తున్నాను". ఇంకో కార్డు తీసుకోలేదు. తప్పు రాశాను, కనబడనీ.

నీ చిన్నది