ముందు అక్క చదవాలి

ఆగస్టు 1974, ఆదివారం

రేపు అక్కకి ఆపరేషన్. ఆసుపత్రికి వెళ్తూ పిల్లల పత్రిక కొత్త సంచిక కొన్నాను. అందులో మాంత్రికుల సీరియల్ చిన్నప్పట్నుంచీ ముందు అక్క చదవాలి, తర్వాతే నేను. పెళ్ళయి తను మైలవరం వెళ్ళాక బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేదాన్ని. చదివి తిప్పి పంపేది. ఇద్దరికీ ముప్పై దాటినా ఆ వరస తప్పలేదు.

ఇవాళ అక్క పుస్తకం తెరవనే లేదు. "ఈసారి నువ్వు ముందు చదివెయ్యవే," అంది.

"కుదర్దు. యువరాజు గుహలోంచి బయటపడ్డాడో లేదో, ఇంటికొచ్చాక నువ్వే చదివి ఇద్దువుగాని," అని దిండు కింద పెట్టేశాను.

"మొండిదానివే," అంది.

గుమ్మం దాటి వెనక్కి చూశాను. నేను వెళ్ళిపోయాననుకుని, దిండు కింద చెయ్యి పెట్టి పుస్తకం లాగుతోంది.