దుఃఖమాత నల్ల అంగీ

బిషప్ తండ్రిగారికి,

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మందుల షాపు యులాలియా రాస్తోంది. నా మాటలు మెత్తబరచొద్దని దానికి ముందే చెప్పాను.

మా కన్యాస్త్రీల మఠం గుడిలో దుఃఖమాత మరియమ్మకు బట్టలు మార్చేది తరతరాలుగా మా ఇంటి ఆడవాళ్లే. అప్పుడు తలుపులు మూస్తాం, పాదిరిగారితో సహా మగవాళ్లంతా బయటికి పోవాలి. నల్ల ముఖమల్ అంగీ చక్కగా అమరాలని పూర్వం ఎవరో ఆ చెక్క విగ్రహం చేతులనూ, ఒళ్లోని బిడ్డనూ రంపంతో కోసేశారు. ఆ సంగతి మేం బయట ఎవరికీ చెప్పలేదు.

మఠంలో చివరి కన్యాస్త్రీ పోయాక మాతను మీ మ్యూజియానికి తీసుకుపోయారు. నిన్న వెళ్లి చూశాను. ఒంటి మీద బట్ట లేదు. అద్దాల పెట్టెలో మొండి చేతులతో నిలబెట్టారు, జనం ఫొటోలు తీసుకుంటున్నారు.

"అవ్వా, ఇదే అసలు రూపం. బట్టలు తర్వాత వచ్చినవే" అన్నాడు అక్కడి అధికారి.

"మీ అమ్మ చేతులు తెగితే ఇలాగే బజార్లో నిలబెడతావురా?" అన్నాను. నన్ను బయటికి పంపేశారు.

గుడికి తిరిగి పంపమని అడగను. దాని కప్పు కూలిపోయింది. ఒక్క పూట ఆ గదిలోంచి మగవాళ్లను పంపేసి, నన్ను లోపలికి రానివ్వండి. మీవాళ్లు గుడిలో వదిలేసిన నల్ల అంగీ నా దగ్గరే ఉంది.

కాదంటారా, దాన్ని నా శవానికి తొడగమని మా కూతురితో చెప్పాను. ఆ తర్వాత మీరు మనసు మార్చుకున్నా, ఆ తల్లికి కప్పడానికి ఏమీ మిగలదు.

ఇట్లు,
వేలిముద్ర