వదిన కట్టిన ఊరగాయ మూట

వదిన గంగాదేవికి,

ఇందుమూలంగా సమస్త బంధుజనానికీ తెలియజేయునది ఏమనగా, నీ మామిడికాయ ఊరగాయ అరబ్బు దేశంలో నేను పనిచేసే మిష్రిఫ్ చేరింది, నేను క్షేమం. పోయినసారి నూనె కారి, మూట మోసుకొచ్చిన మన ఊరి గంగులయ్య కొత్త చొక్కాలు పాడయ్యాయని ఈసారి సీసాకు గుడ్డ చుట్టి, కవర్లు తొడిగి, టేపు మీద టేపు వేశావు. "ఇది ఊరగాయనా, బంగారమా? ఏర్‌పోర్టులో నన్ను దొంగ మాదిరి చూసినారు" అని అతను నా మీద ఎగిరాడు.

వంటింట్లో దానికి చాకు దిగలేదు, కత్తెర వంగింది. చివరికి మోకాళ్ల మధ్య ఇరికించి గుంజితే మూత ఎగిరి, ఎర్రటి నూనె మామా, అదే మా ఇంటి యజమానురాలి, తెల్ల గౌను మీద పడింది. "ఓబుళమ్మా, ఖలాస్! ఊరికి పో!" అని అరిచింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఇంతలో వేలికంటిన కారం నాకి చూసి, ఇంకో సీసా తెప్పించమంది. అందుకే గంగులయ్య తమ్ముడు బయలుదేరేలోపు పెట్టి పంపు. టేపు తగ్గించు, ఉప్పు తగ్గించకు.

అన్న మోకాలి నొప్పి ఎలా ఉంది? మా పాపకు రోజూ నువ్వే జడ వేస్తున్నావట, ఫోన్లో తిప్పి తిప్పి చూపించింది. నీ చేయి చల్లగుండ.

కార్డులో చోటు అయిపోతోంది, నిజం చెప్పేస్తాను. మామా ఊరగాయ నాకనే లేదు. గౌను నా చేత ఉతికించి, నవ్వి వదిలేసింది. ఇంకో సీసా కావలసింది నాకే. ఉప్పెక్కువని నీ పెళ్లినాటి నుంచి ఎగతాళి చేసిన నోటితో అడగలేక ఆమె పేరు చెప్పాను. సీసా అడుగున కూడా అన్నం కలుపుకుని తిన్నాను, వదినా.

నీ ఆడబిడ్డ,
ఓబుళమ్మ