ఫ్రైకి రమ్మంటే

జూన్ 4, మంగళవారం

గ్రిల్ కూలబడింది. నిప్పుల్లేవు కాబట్టి సరిపోయింది. గరాజ్‌లోంచి పెరట్లోకి లాగుతుంటే చక్రం లేని కాలు ఊడి చేతికొచ్చింది. గుండ్రటి గిన్నె, కింద మూడే కాళ్ళు. ఒకటి ఊడితే ఇంకేం నిలబడుతుంది? నా మోకాలు చెక్కుకుపోయింది, ప్యాంటు నిండా బూడిద.

మా ఆయన కర్ట్ వెళ్ళిపోతూ గ్యాస్ గ్రిల్ పట్టుకెళ్ళాడు, ఈ బొగ్గులది నాకు వదిలేశాడు. చావలేదు మహానుభావుడు, డెంటల్ క్లినిక్ ఆవిడతో పోయాడు. పెళ్ళయినప్పటి నుంచీ మా ఇంట్లో ఫ్రై అంటే అతని పనే. నేను బ్రెడ్ రోల్స్ కోసి వెన్న రాసేదాన్ని. కాలు వదులైందన్న ముక్క కూడా నాతో చెప్పలేదు.

ఈ వేసవిలో ఒక్కసారైనా నా పెరట్లో ఇంకో మనిషి కూర్చుని తినాలి. అంతే నా కోరిక. రాయడానికే సిగ్గేస్తోంది. అయినా ఎవరు చదువుతారు కనక.

జూన్ 5

కాలికి డక్ట్ టేప్ చుట్టి దూర్చాను. గట్టిగా కూర్చుంది. నా అంత తెలివైనది మా షెబాయ్‌గన్ ఊరు మొత్తంలో లేదు.

జూన్ 6, గురువారం

ధైర్యం చేసి పక్కింటి వెండెల్ గారిని పిలిచాను. ఏప్రిల్లో నెబ్రాస్కా నుంచి వచ్చాడు. రైల్వేలో రిటైరయ్యాడట, ఒక్కడే ఉంటాడు. కంచె పక్కన టమాటా మొక్కలకు కర్రలు కడుతున్నాడు. శనివారం మా ఇంట్లో ఫ్రై ఉందండీ, మీరు తప్పకుండా రావాలి అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. ఫ్రైలు తనకు పనికిరావట. గుండె ఆపరేషన్ అయ్యాక డాక్టరు ముట్టుకోవద్దన్నాడట. ఏమీ అనుకోకండి అని టోపీ కూడా తీశాడు.

అనుకోక ఏం చేస్తాను? ఈ ఊళ్ళో పుట్టి పెరిగాను, ఫ్రై పనికిరాదన్న మనిషిని ఇప్పుడే చూడటం. చర్చికి చందాలు కావాలంటే ఫ్రై, పెళ్ళికి ఫ్రై, మా నాన్న పోయినప్పుడు కూడా ఫ్రై. రానని చెప్పడానికి ఇంతకన్నా మంచి అబద్ధం దొరకలేదా ఆయనకి?

లోపలికొచ్చి కాసేపు ఏడ్చాను. తర్వాత ఒళ్ళు మండింది. మండినా ఎవరి మీద చూపించాలి? గిన్నెలు తోముకున్నాను.

జూన్ 7

బేకరీలో నా స్నేహితురాలు ట్రూడీకి టేప్ సంగతి చెప్పాను. నీ మొహం, వేడి తగిలితే అది కరిగి కంపు కొట్టదటే అని నవ్వింది. బీరు డబ్బా రేకు చుట్టమంది. అప్పటికీ ఆగకపోతే స్క్రూ కొట్టమంది. శనివారం తన మనవరాలి బాల్ గేమ్ ఉందని కూడా చెప్పింది. నేను అడక్కముందే చెప్పింది.

జూన్ 8, శనివారం, మధ్యాహ్నం

ఎవరూ రాకపోయినా సరే, బాగుచేసి తీరాలనుకున్నాను.

పాత దుప్పటి పరిచి గ్రిల్‌ని బోర్లా పడుకోబెట్టాను. టేప్ పీకేశాను, జిగురు గీకాను. రేకు కత్తిరిస్తుంటే వేలు తెగింది. రేకుని కాలి చివర చుట్టి, గిన్నె అడుగున ఉన్న గొట్టంలోకి మెలితిప్పుతూ తోశాను. చెక్క ముక్క అడ్డం పెట్టి రబ్బరు సుత్తితో బాదాను. లేపి చూస్తే ఇంకా ఊగుతోంది, దరిద్రం. మళ్ళీ బోర్లించాను. డ్రిల్లుతో గొట్టానికీ కాలికీ కలిపి కన్నం పెట్టి స్క్రూ బిగించాను. డ్రిల్లు పట్టుకోవడం నాకు ఇదే మొదటిసారి.

నిలబెట్టి ఊపాను. కదల్లేదు. తుంటితో ఒక్కటిచ్చాను. కదల్లేదు! కేక పెట్టాను. విన్నవాళ్ళు ఎవరూ లేరు.

అదే రోజు, సాయంత్రం

బొగ్గులు బాగా రాజుకున్నాయి. ఇద్దరికి సరిపడా బ్రాట్ సాసేజ్‌లు కాల్చాను, అలవాటు కొద్దీ. ఒక్కదాన్నే తిన్నాను. రెండో కుర్చీ ఖాళీగా కనపడకుండా దాని మీద కాళ్ళు చాపుకున్నాను.

జూన్ 9, ఆదివారం

పొద్దున్నే వెండెల్ గారు కంచె దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మొహం ముడుచుకుని ఉన్నాడు. నిన్న మీ పెరట్లోంచి అంత కమ్మటి వాసన వస్తుంటే కిటికీ దగ్గర కూర్చుని చీజ్ ముక్క నమిలానండీ అన్నాడు. ఇలా కాల్చుకునేటప్పుడు పిలవకూడదా, నూనెలో వేయించేటప్పుడే పిలవాలా అని నిష్ఠూరమాడాడు.

నాకు బుర్ర తిరిగింది. పిలిచింది దీనికే కదా మహాప్రభో, ఇదే ఫ్రై అన్నాను. మరి మూకుడేదీ అన్నాడు. మూకుడెందుకండీ అన్నాను. నూనేదీ అన్నాడు. నూనెందుకూ అన్నాను. కంచెకి అటొకరం ఇటొకరం వెర్రిమొహాలేసుకుని నిలబడ్డాం.

వాళ్ళ వైపు ఫ్రై అంటే మూకుడూ నూనేనట. బొగ్గుల మీద కాల్చేదాన్ని ఫ్రై అనే ఊరు తానెక్కడా చూళ్ళేదట. నాకు ఇంతకాలం ఎవరూ చెప్పలేదే! ఆయన పగలబడి నవ్వాడు, నవ్వి నవ్వి దగ్గొచ్చింది. కాల్చినవాటి గురించి డాక్టరేమీ అనలేదు, నేనూ అడగదలుచుకోలేదు అన్నాడు.

కాసేపటికి నవ్వాపి నేల చూపులు చూశాడు. ఈ ఊరొచ్చాక నన్ను తిండికి పిలిచింది మీరొక్కరే, అదీ కాదనుకున్నాను అన్నాడు.

వచ్చే శనివారం రండి అన్నాను.

జూన్ 13

శనివారం వర్షమట. ఆ దేవుడికి నేనే దొరికానా?

జూన్ 15, శనివారం

ఒకటే వాన. అయినా వచ్చాడు, గొడుగుతో. నేను కాలుస్తుంటే గొడుగు గ్రిల్‌కి పట్టాడు, నాకు కాదు. నిలువునా తడిశాను. ఇంకోటి వెయ్యనా అని అడిగాను.

ఇంకోటి వెయ్యనా అని ఒక మనిషిని అడిగాను.