రహెబోతు బోరుకు తాళం

బెళుగుప్ప,
బుధవారం.

నా భర్త ఐజాక్ గారికి,

వందనాలు. అవి ప్రభువుకే, మీకు కాదు. ఫోనులో మీ గొంతు వింటే నా నోరు మూతపడుతుంది. అందుకే అమ్మింటికి వచ్చాక ఐదో తరగతి చదువుతో వచ్చిన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

పోయినేడాది పాటలకు తబలా ఉండాలా వద్దా అని తగవుపడి, మీరు కొన్ని కుటుంబాలను బేతేలు సంఘం నుంచి బయటికి తెచ్చారు. కంబదూరులో మా నాయన నాకిచ్చిన జాగాలో, బోరు పక్కనే మందిరం లేపారు. నేను కాదనలేదు. పేరు కోసం అందరూ ఉపవాసముండి, ఎవరికి ఏ పేరు దొరికిందో ఆదివారం కళ్యాణదుర్గం నుంచి వచ్చే సంఘ పెద్దల ముందు చెప్పాలన్నారు. నేనూ పస్తుండి ప్రార్థించాను. వంటింట్లో ఉండగా మీ మాట వినబడింది. “రహెబోతు అని చెప్పండప్పా. ముగ్గురూ ఒకే మాటంటే పెద్దలు కాదనరు” అని మన సంఘంలోని ఓబులేష్‌కూ ఇంకో ఇద్దరికీ నేర్పుతున్నారు. ఇక నా పస్తు ఎవరికోసం?

రహెబోతు కథ నాకూ తెలుసు. ఇస్సాకు తవ్వించిన రెండు బావుల దగ్గర అక్కడి కాపరులు నీళ్లు మావంటూ కొట్లాడారు. మూడో బావి దగ్గర ఎవరూ కొట్లాడలేదు కాబట్టి దానికి ఆ పేరు, అంటే విశాలమైన చోటు. ఐజాక్ అన్నా ఇస్సాకే, మీరూ ఆయన పేరే పెట్టుకున్నారు. కానీ బోరు స్విచ్చు పెట్టెకు తాళం వేశారు. మా అక్క కృపాకుమారి బిందెతో వస్తే, “బేతేలోళ్లకు ఈడ నీళ్లు లేవు. పోయి ఆడ తబలా కొట్టుకోండి, వాన పడతాది” అన్నారు. అందరూ నవ్వారు. అక్క ఖాళీ బిందెతో పోయింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఇప్పుడంటున్నాను. తాళం తీస్తేనే సంఘానికి జాగా రాసిస్తాను. లేదంటే జగడం, పగ అని అర్థమొచ్చే ఆ మొదటి రెండు బావుల పేర్లలో ఒకటి పెట్టుకోండి.

మీ భార్య,
సువార్త


బెళుగుప్ప,
మంగళవారం.

ఐజాక్ గారికి,

ఆదివారం కంబదూరుకు వచ్చినా నేను నోరు విప్పలేదు. మన సహవాసంలో ఆడవాళ్లు లేచి మాట్లాడకూడదు కాబట్టి ముసుగేసుకుని చాపమీదే కూర్చున్నాను. మీరు నేర్పిన ముగ్గురూ వరసగా రహెబోతు అన్నారు. పెద్దాయన శశికుమార్ గారు సంతోషపడి, తాగడానికి నీళ్లడిగారు. మీరు జేబులోంచి తాళంచెవి తీశారు.

“నీళ్లకు తాళమేందప్పా?” అన్నారాయన.

“బేతేలోళ్లు పట్టుకోని పోతాండారన్నా!” ఓబులేష్ గొప్పగా చెప్పాడు.

ఆయన బైబిలు మూసేశారు. “పేరు మంచిదే. మీకే తగదు. తాళం తీసినాక పిలవండి” అని, నీళ్లు ముట్టకుండానే వెళ్లిపోయారు.

“అంతా నువ్వే చేసినావు. మీ అమ్మింటికే పో” అని మీరు అందరి ముందూ అరిచారు. వచ్చేశాను. మర్నాడు పొద్దున అక్క ఫోను చేసింది. “తాళం అట్లే ఉండాదే” అంది.

ఆ మధ్యాహ్నమే రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి సంతకం పెట్టాను. మందిరం ఉన్న జాగా సంఘానికి, బోరూ దాని దారీ పంచాయతీకి. సర్పంచి మనిషి వచ్చి తాళం పగలగొడతాడు, అడ్డం పడకండి. మందిరానికి మీకు నచ్చిన పేరు పెట్టుకోండి. బిందెతో వచ్చిన మనిషిని నీది ఏ సంఘమని అడిగే హక్కు మాత్రం మీకిక లేదు.

సువార్త